ముఖం లేని ప్రకటన

మట్టిని మనిషిగా మలచి, ఆ మట్టిలోకి తన ఊపిరి పోసిన దేవునికి ముందుగా స్తోత్రం. మనం అడగకముందే, తలుచుకోకముందే పొద్దంతా లోపలికీ బయటికీ నడిచే ఈ శ్వాస ఆయన దానం. పాలమూరు జిల్లా పల్లెలో మా తాతమ్మను నీళ్లలోకి దింపి బాప్తిస్మం ఇప్పించినవాడు, ఆమె మునిమనవరాలిని ఈ చలిదేశంలో మాస్కులు అమ్మే పనిలో పెట్టాడు. ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఇక్కడ రాయబోయేది నేను చేసిన ఒక తప్పు గురించి. ఆ తప్పును ఆయన తన చేతిలోకి తీసుకున్న తీరు గురించి కూడా.

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం అది. కేంబ్రిడ్జ్ ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు దాటి పది నిమిషాలు నడిస్తే ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్ ఉంటుంది. అందులో మా కంపెనీ చిన్నది. ముందు ఆఫీసు, వెనక గోడౌన్. హెల్మెట్లు, గ్లవ్స్, చెవులకు పెట్టుకునే మఫ్‌లు, మాస్కులు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. ఈ రక్షణ సామగ్రి అంతటినీ కలిపి పీపీఈ అంటారు. నేను ఇక్కడే మార్కెటింగ్‌లో మాస్టర్స్ చదివి ఆ ఆఫీసులో చేరాను. ప్రతి వస్తువుకూ వెబ్‌సైట్‌లో పేజీ తయారు చేయడం, దాని మీదికి జనాన్ని తెచ్చే ప్రకటనలు నడపడం నా పని. ప్రకటన నొక్కిన మనిషి మొదట వచ్చి వాలే పేజీని ల్యాండింగ్ పేజీ అంటాం. అక్కడ అతను ఉండేది కొద్ది క్షణాలు. ఆ కాస్త సేపట్లో కొంటాడా, వెళ్లిపోతాడా అన్నది నా మాటల మీద, బొమ్మల మీద ఆధారపడి ఉంటుంది.

మా యజమాని గ్రేమ్ మంచి మనిషి. చేతిలో టీ కప్పు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. "మనుషులు మనుషుల్ని చూసి కొంటారు కరుణా. పేజీలో ఒక ముఖం పెట్టు," అనేవాడు. ఇక్కడ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. నేను తెలుగులో రాస్తున్నాను.

మార్చి నెలలో ఆఫీసుకు చేత్తో రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది. ఈమెయిల్ కాదు. గీతల కాగితం మీద నీలి సిరా. గ్రేమ్ దాన్ని నా బల్ల మీద పెట్టి, "ఇలాంటిది చూసి ఎన్నేళ్లయిందో. నువ్వే చూడు," అన్నాడు.

ఉత్తరం సఫోక్ వైపు పల్లెలో కలిసి బతికే ఒక సంఘం నుంచి. సంఘం తరఫున డేనియల్ అనే వడ్రంగి రాశాడు. వాళ్లు తేనెటీగల పెట్టెలు చేసి అమ్ముతారు. చెక్క ధూళిని లాగేసే యంత్రం వాళ్ల షెడ్డులో ఉంది. అయినా చిత్రిక పట్టే గదిలో సన్నటి ధూళి మిగిలిపోతోంది. మీ వెబ్‌సైట్‌లో ఉన్న మాస్కులన్నిటి కిందా గడ్డం తీసేయాలని రాశారు, మా సంఘంలో పెళ్లయిన మగవాళ్లు గడ్డం తీయరు, మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగాడు. చివర ఒక వాక్యం ఉంది: "మేము అనాబాప్టిస్టు విశ్వాసులం. మెన్నోనైట్లు అంటే మీకు తెలియవచ్చు."

నాకు తెలియకపోవడమా! మా తాతమ్మది మెన్నోనైట్ మిషన్ సంఘం. మా అమ్మానాన్నల పెళ్లి ఆ చర్చిలోనే. నన్ను తొట్టెలో పడుకోబెట్టి ప్రార్థించింది ఆ సంఘ పెద్దలే. సముద్రాలు దాటి వచ్చిన ఈ దేశంలో, మాస్కుల మధ్య నా సొంతవాళ్లు దొరికారనిపించింది. ఆ సంతోషంలోనే నా తప్పు మొదలైంది. పేరు ఒకటే కాబట్టి పద్ధతులు కూడా ఒకటే అనుకున్నాను.

మూతికి బిగుసుకుని కూర్చునే మాస్కు పనిచేయాలంటే అంచు చుట్టూ చర్మానికి అంటుకోవాలి. అంటుకుందో లేదో చూసే పరీక్షకు ఫేస్ ఫిట్ టెస్ట్ అని పేరు. మాస్కు పెట్టుకున్న మనిషి తలకు సంచి లాంటిది తొడిగి, లోపలికి చేదు మందు చిలకరిస్తారు. నాలుకకు చేదు తెలిసిందంటే పక్కల నుంచి గాలి దూరుతున్నట్టే. గడ్డం ఉన్నవాళ్లకు ఆ పరీక్ష మొదలే పెట్టరు. వాళ్లకు వేరే పరికరం ఉంది, పవర్డ్ హుడ్. నడుముకు కట్టుకునే చిన్న ఫ్యాను బ్యాటరీతో నడుస్తూ గాలిని ఫిల్టర్‌లోంచి లాగి, గొట్టం ద్వారా తలకు తొడిగిన హుడ్‌లోకి పంపుతుంది. శుభ్రమైన గాలి లోపలి నుంచి బయటికి తోస్తూ ఉంటుంది కనుక ధూళి లోపలికి రాదు. గడ్డం ఎంత పొడవున్నా పర్వాలేదు.

నేను కూడా చేత్తోనే జవాబు రాశాను. "బ్రదర్, నేనూ మెన్నోనైట్‌నే," అని మొదలుపెట్టాను. ఒక హుడ్ తీసుకుని స్వయంగా వచ్చి చూపిస్తానన్నాను.

రెండు బస్సులు మారి వెళ్లాను. గేటు దగ్గరికి డేనియల్, ఆయన భార్య రూత్ వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం, ప్యాంటును భుజాలకు తగిలించే సస్పెండర్లు, వెడల్పాటి చేతులు. గేటు నుంచి షెడ్డు దాకా నడిచే లోపు రెండుసార్లు ఆగాడు.

"గాలి కోసం కాదు, వాతావరణం చూడడానికి ఆగాను," అన్నాడు.

"ఈయన వాతావరణం ఈ మధ్య తరచుగా చూస్తున్నాడు," అంది రూత్.

విషయం ఆమే చెప్పింది. తేనెపెట్టెలకు వాళ్లు వాడేది ఎర్ర సెడార్ అనే చెక్క. ఎండకూ వానకూ తట్టుకుంటుందని ఈ దేశంలో ఎక్కువగా దాన్నే వాడతారు. బైబిలులోని దేవదారు కాబోలని నేను లోలోపల మురిసిపోయాను. అది వేరే చెట్టని తర్వాత తెలిసింది. ఎర్ర సెడార్ ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఆస్తమా వస్తుంది. వచ్చాక, కొంచెం ధూళి తగిలినా ఛాతీ బిగుసుకుపోతుంది. డేనియల్‌కు వచ్చింది. ఆసుపత్రిలో స్పెషలిస్టు రెండే దారులు చెప్పాడు. ధూళి ఒక్క రేణువు కూడా లోపలికి పోకుండా చూసుకోవాలి, లేదా ఆ షెడ్డు వదిలేయాలి. పెట్టె మూలల్లో ఒకదానిలో ఒకటి దిగే జాయింట్లు కోయడం ఆయనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన పని. కుర్రవాళ్లకు నేర్పేది కూడా ఆయనే.

"వదిలేస్తే బట్టలుతికే గదిలో వంతు పనికి ఒక మనిషి కావాలట," అన్నాడు డేనియల్. "నేను దుప్పట్లు మడిచింది చూస్తే నీకు నవ్వొస్తుంది."

ఆయనకు హుడ్ తొడిగాను. ఫ్యాను ఆన్ చేశాను. ఆయన చిత్రిక పట్టే గదిలోకి వెళ్లాడు. రూత్, నేను అద్దం బయట నిలబడ్డాం. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తోందని తెలిసింది. నేనూ కళ్లు మూసుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత ఆయన బయటికి వచ్చి హుడ్ తీశాడు. దగ్గలేదు. ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి, "సిస్టర్, నాకు ఊపిరి ఆడుతోంది," అన్నాడు.

అప్పుడే ఫోన్ తీసి, "ఒక్క ఫోటో, బ్రదర్?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చేతిలో హుడ్‌తో, తడిసిన కళ్లతో అలాగే నిలబడ్డాడు. నేను తీశాను.

మధ్యాహ్నం భోజనానికి ముందు అందరూ తలలు వంచారు. అలవాటు కొద్దీ నా చున్నీ తల మీదికి వేసుకున్నాను. రూత్ చూసి నా చెయ్యి పట్టుకుంది.

"మీ సంఘంలోనూ కప్పుకుంటారా?"

"మా తాతమ్మ కాలం నుంచీ."

"పాటలు ఎలా పాడతారు? మేము గొంతులతోనే పాడతాం."

"మాకు కీబోర్డు ఉంటుంది, డోలక్, డ్రమ్స్, రెండు పెద్ద స్పీకర్లు."

ఆమె రొట్టె పళ్లెం నా వైపు జరిపి, "అయితే దేవునికి మీ పాట ముందుగా వినబడుతుందన్నమాట," అంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

హుడ్ వాళ్ల దగ్గరే నెల రోజులు ఉంచమన్నాను. గదిలో పనిచేసేవాళ్లు ఆరుగురు. ఆరు హుడ్లు కొనాలా వద్దా అన్నది ఒక్కరు తేల్చరు. సభ్యులందరూ కూటంగా కూర్చుని ఒక్క మనసుకు రావాలి. ఒక్కరికి మనసు కుదరకపోయినా ఆగుతారు.

ఆఫీసుకు తిరిగి వచ్చాక నేను పేజీ మొదలుపెట్టాను. మా ఊళ్లో దేవుడు మేలు చేస్తే సంఘంలో నిలబడి సాక్ష్యం చెబుతాం. సభలు పెడితే దైవజనుల ఫోటోలతో నిలువెత్తు ఫ్లెక్సీ కడతాం. ఊపిరి ఆడని మనిషికి ఊపిరి ఆడితే అది దాచిపెట్టే విషయమా? పేజీ పైన డేనియల్ ఫోటో, పేరు, ఊరు, ఆయన అన్న మాట పెద్ద అక్షరాలతో పెట్టాను. గ్రేమ్ చూసి, "చాలా బాగుంది. ఆయన ఒప్పుకున్నాడా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ ఒక్క మాట అబద్ధమని అప్పుడు నాకు తట్టలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

తేనెటీగలు పెంచేవాళ్లకు, రైతులకు, వడ్రంగులకు ప్రకటనలు నడిచాయి. ఆ వారం మా పేజీలన్నిటిలో ఎక్కువమంది నొక్కింది దాన్నే. గ్రేమ్ నాకు స్వయంగా టీ చేసి ఇచ్చాడు.

రెండో వారం ఒక పార్సెల్ వచ్చింది. హుడ్. శుభ్రంగా తుడిచి, గొట్టం చుట్టి, వాడని ఫిల్టర్ దాని కవర్‌లోనే ఉంచి. పైన రూత్ రాసిన ఉత్తరం.

వాళ్ల సంఘానికి ఒకే కంప్యూటర్ ఉంది. ఆర్డర్లు చూడడానికి ఒక సహోదరి దాన్ని వాడుతుంది. ఆమె మా పేజీ ఒకసారి తెరిచింది. మా వృత్తిలో రీమార్కెటింగ్ అని ఒక పద్ధతి ఉంది. ఒకసారి మా పేజీకి వచ్చి వెళ్లినవాళ్లకు, తర్వాత వాళ్లు ఏ సైటు తెరిచినా పక్కన మా ప్రకటనే కనిపిస్తుంది. ఆ సహోదరి చెక్క ధర చూద్దామని ఒక సైటు తెరిస్తే పక్కన డేనియల్. వాన పడుతుందా అని చూస్తే కింద డేనియల్. కంప్యూటర్ పాడైందనుకుని ఆపి మళ్లీ పెట్టిందట. అప్పుడూ డేనియల్.

ఆ తర్వాత ఇలా రాసింది. "మేము ఫోటోలు దిగం, పేరు చాటుకోం; అది మనిషిని గర్వానికి దారి తీస్తుందని మా నమ్మకం. డేనియల్ కూటంలో నిలబడి, వద్దని చెప్పవలసిన చోట తాను చెప్పలేదని క్షమాపణ అడిగాడు. ఆ ఘడియలో సంతోషంతో నోట మాట రాలేదన్నాడు. తన ముఖం ఇచ్చి హుడ్ తీసుకున్నట్టు కాకూడదని దాన్ని తిరిగి పంపమన్నాడు. మాకు మీ మీద కోపం లేదు. సోమవారం నుంచి అతను బట్టలుతికే గదిలో ఉంటాడు."

ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయనది కూడా పాలమూరే.

"గా పెద్దమనిషిని అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"ఏమనలే."

"ఏమనకుంటే ఒప్పుకున్నట్లా? మా నాయిన పెండ్లిచూపులల్ల నిన్ను చూసి ఏమన్నడు? ఏమనలే. ఆర్నెల్లు పట్టలే ఆయన సరే అననీకె?"

నవ్వు రాలేదు. ఆయనే మళ్లీ మెల్లగా, "ఫోన్ల మాట్లాడకు. పోయి నిలబడు. మనకు నేర్పిందైతే గదే గదా," అన్నాడు.

పొద్దున్నే పేజీ తీసేశాను, ప్రకటనలు ఆపేశాను. ఆపైన గ్రేమ్ దగ్గరికి వెళ్లాను.

"మనకు బాగా నడుస్తున్న పేజీ అది!" అన్నాడు.

"ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాడని నేను మీతో చెప్పింది నిజం కాదు."

గ్రేమ్ టీ కప్పు కింద పెట్టాడు. "సరే, తీసేసింది మంచిదే. నాతో ఇంకెప్పుడూ అలా చెప్పకు. వెళ్లి వాళ్లతో మాట్లాడు. అమ్మకం గురించి కాదు."

ఆదివారం సాయంకాలం వాళ్ల కూటంలో నిలబడే అవకాశం అడిగాను. ఇచ్చారు. వరసగా బల్లలు, ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. చున్నీ తల మీద వేసుకుని, "ఆయన మౌనాన్ని నాకు కావలసినట్టు నేను మలచుకున్నాను. క్షమాపణ అడగవలసింది నేను, ఆయన కాదు," అన్నాను. అంతే చెప్పి బల్ల మీద కూర్చున్నాను.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఈసారి నేను దేనికీ గుర్తుగా తీసుకోలేదు. చివరికి డేనియల్ లేచాడు. "సిస్టర్ కరుణ, జనం చూడవలసింది దేన్ని? నన్నా, హుడ్‌నా?"

"హుడ్‌ని."

"అయితే హుడ్‌నే చూపించు. గడ్డం ఉన్న మనిషి దేశంలో నేనొక్కడినే కాదు కదా." తర్వాత నవ్వి, "అయినా, చెక్క ధర కోసం వెతికేవాళ్లకు నేను అంత అందంగా ఉండను," అన్నాడు. ఆడవాళ్ల వైపు ఎవరో ముందు నవ్వారు. రూత్ అనుకుంటాను.

ఆ సాయంత్రమే వాళ్ల బడిలో పాఠాలు చెప్పే ఒక సహోదరి, షెడ్డులో తాను చూసిన హుడ్‌ను గుర్తు మీద పెన్సిల్‌తో గీసి ఇచ్చింది. ఫ్యాను, గొట్టం, హుడ్, లోపల ఎవరూ లేరు. ఆమె పేరు కూడా పేజీలో వేయవద్దంది. డేనియల్ నా పక్కన కూర్చుని, "ఈ హుడ్‌లో లోపాలేమిటో పేజీలో ఎక్కడ రాశావు?" అని అడిగాడు. రాయలేదు. ఆయనే ఒక్కొక్కటీ చెప్పాడు: ఫ్యాను చప్పుడుకు పక్కవాళ్ల మాట సరిగా వినిపించదు. సాయంకాలానికి నడుము బరువెక్కుతుంది. ఫిల్టర్లు మారుస్తూ ఉండాలి. "అవన్నీ ముందు రాయి. కొన్న తర్వాత తెలుసుకునే లోపం మనసులో ఉండిపోతుంది," అన్నాడు.

అలాగే రాశాను. ముఖం లేదు. "ఈ రోజే ఆఖరు" అంటూ వెనక్కి లెక్కపెట్టే గడియారం లేదు. వెంటపడే ప్రకటన లేదు. పైన లోపాలు, కింద ఉపయోగాలు, ఇంటర్నెట్ వాడనివాళ్ల కోసం ఒక ఫోన్ నంబరు, అడిగితే పోస్టులో పంపే కాగితం కేటలాగు. గ్రేమ్ చూసి తల గోక్కున్నాడు. "లోపాలు ముందా? సరే. మూడు నెలలు చూద్దాం," అన్నాడు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. మునుపటిదానంత మంది నొక్కరు. కానీ నొక్కినవాళ్లు తిప్పి పంపడం తగ్గిందని గోడౌన్‌వాళ్లు అంటున్నారు. గడ్డం పెంచే సిక్కు సహోదరులు, ముస్లిం సహోదరులు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్ల ప్రశ్న కూడా డేనియల్ ప్రశ్నే. అన్నేళ్లూ మేము దాని జవాబును ఒక మూలన చిన్న అక్షరాలతో ఉంచాం.

ఆరు హుడ్ల విషయం మళ్లీ కూటం ముందుకు వెళ్లింది గానీ అప్పటికి జవాబు రాలేదు. ఒక సహోదరుడికి ఇంకా మనసు కుదరలేదని రూత్ ఒక్క వాక్యం రాసింది. నేను తొందరపెట్టలేదు. కొనమని గుర్తుచేస్తూ రోజూ ఒక ఫాలో-అప్ మెయిల్ పంపాలని మా వృత్తి నేర్పుతుంది. నేను మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించాను. డేనియల్ దుప్పట్లు మడుస్తున్నాడని తలుచుకున్నప్పుడల్లా ఆకలి కూడా తెలియలేదు.

నాలుగో వారం గీతల కాగితం వచ్చింది. "సహోదరులు ఒక్క మనసుతో ఉన్నారు. ఆరు పంపండి." కింద వేరే చేతిరాతలో, "దుప్పట్లు ఇప్పుడు చక్కగా మడుస్తున్నాను. అయినా నన్ను తిరిగి షెడ్డుకు పంపేస్తున్నారు. డేనియల్."

హుడ్లు నేనే తీసుకెళ్లాను. మా నియమం ప్రకారం ఎవరి హుడ్ వాళ్లదే కావాలి కనుక పేరు చీటీలు కూడా తీసుకెళ్లాను. వాళ్లు అప్పటికే గోడకు ఆరు కొయ్య మేకులు బిగించారు. ఒకదానికి ఒక గాటు, ఇంకోదానికి రెండు, అలా ఆరు వరకు. చీటీలు నా సంచిలోనే ఉండిపోయాయి. డేనియల్ నాలుగు గాట్ల మేకు నుంచి హుడ్ తీసుకుని లోపలికి వెళ్లాడు. అద్దం అవతల ఆయన ఒక పలకను యంత్రంలోకి తోస్తున్నాడు. ఎర్రటి పొట్టు ఎగిరింది. ఆయన భుజాలు తొందరపడకుండా లేచి దిగుతున్నాయి. నా జేబులో ఫోన్ ఉంది. దాన్ని తీయాలనిపించలేదు.

ఈ ఉద్యోగంలో నేను చాలా పాఠాలు చదివాను, పరీక్షలు రాశాను. ఎదుటివాడు ఎవరికి ఎలా కనిపించాలో నిర్ణయించే హక్కు అతనిదేనని నాకు నేర్పింది మాత్రం ఈ వడ్రంగి. నా ప్రేమ ఎంత గొప్పదైనా అడగవలసిందే. జవాబు వచ్చేదాకా ఆగవలసిందే. సొంతవాళ్ల దగ్గర ఇంకా ఎక్కువగా.

డాక్టర్లు ఆయనకు పూర్తిగా అభయం ఇవ్వలేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ ఒక చిన్న గొట్టంలోకి ఊది, ఊపిరి ఎంత బలంగా ఉందో అది చూపే అంకె రాసుకోవాలి. అంకె పడిపోతే షెడ్డు వదలాలి. ఇప్పటిదాకా నిలబడింది. వచ్చే నెల ఆసుపత్రిలో పెద్ద పరీక్ష ఉంది.

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఆయన ముఖం మీకు చూపించలేను. ఊరి పేరు చెప్పలేను. డేనియల్ అన్నది కూడా నేను పెట్టిన పేరే, ఆయన అనుమతితో. తేనెపెట్టెలు చేసే ఒక సహోదరుడు అని చెప్పండి, చాలు. ఊపిరి పోసినవాడికి అది ఎవరి ఊపిరో తెలుసు. ఆమేన్.